పాపులర్ సైన్స్ పుస్తకం: ఎంతవరకు నమ్మవచ్చు, ఎలా పరీక్షించాలి?

డానియల్ కానెమన్ 2011లో వెలువరించిన ‘థింకింగ్, ఫాస్ట్ అండ్ స్లో’ సైన్స్ పాఠకుల చేతుల్లో బాగా నలిగిన పుస్తకం. రచయిత 2002లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న మనస్తత్వ శాస్త్రవేత్త. అందులో ఒక అధ్యాయం ‘ప్రైమింగ్’ గురించి. ఏదో ఒక మాట కంటబడితే చాలు, మనిషికి తెలియకుండానే అతని ప్రవర్తన మారిపోతుందని చెప్పే పరిశోధనలను ఆ అధ్యాయం వరసగా వివరిస్తుంది. వాటిని నమ్మకుండా ఉండే వీలు పాఠకుడికి లేదని కూడా గట్టిగా అంటుంది. ఆరేళ్ల తర్వాత, 2017లో, తక్కువ మందితో జరిపిన బలహీనమైన అధ్యయనాల మీద అతిగా నమ్మకం పెట్టుకున్నానని కానెమనే బహిరంగంగా ఒప్పుకున్నారు.

అలాగని పుస్తకమంతా కూలిపోలేదు. లాభం కంటే నష్టాన్ని మనుషులు ఎక్కువగా లెక్కలోకి తీసుకుంటారని ఏమోస్ ట్వెర్‌స్కీతో కలిసి ఆయన 1979లో ప్రతిపాదించిన సిద్ధాంతాన్ని 2020లో 19 దేశాల్లో మళ్లీ పరీక్షించారు. మూల ఫలితాలు చాలావరకు నిలబడ్డాయి. గట్టి జ్ఞానమూ పెళుసు జ్ఞానమూ ఒకే అట్టల మధ్య, ఒకే స్వరంలో, ఒకే నమ్మకంతో పాఠకుడి ముందుకు వచ్చాయన్నమాట. పాపులర్ సైన్స్ చదివేవారిని నిజంగా తికమకపెట్టేది ఇదే.

క్లుప్తంగా

పాపులర్ సైన్స్ పుస్తకంలోని మాటలకు పరిశోధనా పత్రానికి జరిగే తోటి నిపుణుల సమీక్ష జరగదు. సరళం చేసే క్రమంలో ముందుగా జారిపోయేవి కొలతలు, షరతులు, నమూనా పరిమాణం. ఉపమానాలు ఒక హద్దు వరకే పనిచేస్తాయి, ఆ హద్దు ఎక్కడో రచయిత చెప్పాలి. రంగాన్ని బట్టి పుస్తకం ఆయుష్షు మారుతుంది. రచయిత పేరు కంటే, ‘ఈ సంగతి ఎలా తెలిసింది’ అన్నది పుస్తకం చూపిస్తుందా లేదా అన్నదే మంచి కొలబద్ద. దాన్ని అరగంటలో పరీక్షించవచ్చు.

పత్రం నుంచి పుస్తకం దాకా

జర్నల్‌లో పరిశోధనా పత్రం అచ్చు కావాలంటే సాధారణంగా అదే రంగంలోని ఇద్దరు ముగ్గురు నిపుణులు చదివి ప్రశ్నలు వేస్తారు. పద్ధతి, కొలతలు, లెక్కలు, పరిమితులు అన్నీ విడమరిచి రాయాలి. ఈ సమీక్ష తప్పులన్నింటినీ పట్టుకోదు. కానీ ఏం చేశారో రాయక తప్పని పరిస్థితి కల్పిస్తుంది.

పుస్తకానికి ఈ గడప లేదు. సంపాదకుడు చూసేది కథనం సాగుతోందా, వాక్యం అర్థమవుతోందా, అధ్యాయాల మధ్య పొందిక ఉందా అని. పరువునష్టం వంటి చిక్కులు రాకుండా న్యాయవాది చూడవచ్చు. వాస్తవాలు సరిచూసే బాధ్యత మాత్రం చాలా ప్రచురణ ఒప్పందాల్లో రచయితదే. ఎవరినైనా నియమించి తనిఖీ చేయించుకుంటే ఆ ఖర్చు కూడా తరచు రచయిత జేబులోంచే పోతుంది. విశ్వవిద్యాలయ ప్రచురణ సంస్థలు కొంత నయం, రాతప్రతిని బయటి నిపుణులకు పంపుతాయి. వాళ్లయినా తూచేది మొత్తం వాదననే తప్ప మూడువందల పేజీల్లోని ప్రతి అంకెనూ కాదు.

పుస్తకం చేతికి వచ్చేలోపే వక్రీకరణ మొదలై ఉండవచ్చు. బ్రిటన్‌లోని 20 విశ్వవిద్యాలయాలు 2011లో విడుదల చేసిన 462 ఆరోగ్య పరిశోధన పత్రికా ప్రకటనలను వాటి మూల పత్రాలతో పోల్చిన అధ్యయనం ఒకటి 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. 40 శాతం ప్రకటనల్లో పాఠకులకిచ్చే సలహా మూల పత్రంలో ఉన్నదాని కంటే పెంచి రాసి ఉంది. 33 శాతం ప్రకటనలు రెండు విషయాల మధ్య సంబంధాన్ని కారణంగా మార్చేశాయి. 36 శాతం, జంతువుల మీద చేసిన పనిని మనుషులకు అన్వయించడంలో అతి చేశాయి. అంటే అతిశయోక్తిలో చాలా భాగం విలేకరి బల్ల దగ్గర కాదు, పరిశోధన జరిగిన సంస్థలోనే పుడుతోంది. మూల పత్రం తెరవకుండా ప్రకటనల మీద, వార్తల మీద ఆధారపడే రచయిత ఆ పెంపునంతా పుస్తకంలోకి మోసుకొస్తాడు. ‘ఎలుకల్లో, ఇంత మోతాదులో, ఈ సూచిక కొంత తగ్గింది’ అన్న వాక్యం నాలుగు చేతులు మారేసరికి ‘శాస్త్రవేత్తలు కనుగొన్నారు’ అయిపోతుంది.

కాలం కూడా లెక్కలోకి వస్తుంది. రాతకు రెండు మూడేళ్లు, రాతప్రతి అందాక అచ్చుకు సుమారు ఏడాది. నిన్న విడుదలైన పుస్తకంలోని ‘తాజా’ పరిశోధన మూడు నాలుగేళ్ల కిందటిది కావడం మామూలే.

నాలుక పటం, పాలకూర ఇనుము

సరళీకరణలో తప్పు ఎలా పుడుతుందో చూడటానికి నాలుక పటం కంటే మంచి ఉదాహరణ దొరకదు. తీపి నాలుక కొసన, చేదు వెనక, పులుపు పక్కలకు తెలుస్తాయన్న బొమ్మ దశాబ్దాల పాటు పుస్తకాల్లో తిరిగింది. దాని మూలం జర్మన్ పరిశోధకుడు డేవిడ్ హేనిగ్ 1901లో ప్రచురించిన పత్రం. నాలుక అంచుల వెంట ఒక్కో చోట ఒక్కో రుచిని గుర్తించడానికి కావలసిన కనీస గాఢతను ఆయన కొలిచారు. చోటును బట్టి స్వల్ప తేడాలున్నాయని గమనించారు. 1942లో ఎడ్విన్ బోరింగ్ ఆ ఫలితాలను తన పుస్తకంలో గ్రాఫ్‌గా గీసినప్పుడు, నిలువు గీత మీద ఏ అంకె ఎంతో స్పష్టంగా తెలిసేలా కొలమానం లేదు. గ్రాఫ్‌లో కిందికి దిగిన చోటును చదివినవాళ్లు సున్నాగా అర్థం చేసుకున్నారు. ‘కొద్దిగా తక్కువ’ కాస్తా ‘అసలు లేదు’ అయింది. 1974లో వర్జీనియా కాలింగ్స్ మళ్లీ కొలిచి, తేడాలు ఉన్నా చాలా చిన్నవని తేల్చారు. రుచి గ్రాహకాలు నాలుకలో రుచి మొగ్గలున్న అన్ని చోట్లా అన్ని రుచులనూ పట్టుకుంటాయి. నాలుక కొసన చిటికెడు ఉప్పు వేసుకుంటే నిమిషంలో తేలిపోయే సంగతి ఇది. అయినా పటం అన్నేళ్లు బతికింది. ఒక పుస్తకం ఇంకో పుస్తకాన్ని చూసి రాయడమే అందుకు కారణం.

పాలకూర కథలో మలుపు ఇంకాస్త లోతుగా ఉంది. 19వ శతాబ్దపు జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఒకరు దశాంశ బిందువు తప్పుగా వేయడంతో పాలకూరలోని ఇనుము పది రెట్లు ఎక్కువగా నమోదైందని, దాంతో ఆ ఆకుకు లేని పేరు వచ్చిందని చాలా పుస్తకాలు చెబుతాయి. 1981లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక సరదా వ్యాసం దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చింది. 2010లో మైక్ సట్టన్ మూలాల దాకా తవ్వితే, ఆ దశాంశ బిందువు కథకే ఆధారం కనబడలేదు. శాస్త్రంలో తప్పులు ఎలా వ్యాపిస్తాయో హెచ్చరించడానికి వాడిన ఉదాహరణే సరిచూడకుండా వ్యాపించిందన్నమాట. 100 గ్రాముల పచ్చి పాలకూరలో ఇనుము దాదాపు 2.7 మిల్లీగ్రాములు, ఆకుకూరల్లో అది తక్కువేమీ కాదు. శరీరం అందులో కొద్ది భాగాన్నే పీల్చుకోగలదన్నది వేరే సంగతి, దానికి దశాంశ బిందువుతో పని లేదు. ‘మీరు విన్నదంతా తప్పు’ అని మొదలయ్యే పుస్తకాలను కూడా అదే పరీక్షకు పెట్టాలి. అపోహను బద్దలుకొట్టే వాక్యానికీ ఆధారం కావాలి.

ఉపమానం ఎక్కడ తెగుతుంది

స్టీఫెన్ హాకింగ్ 1988 నాటి ‘ఎ బ్రీఫ్ హిస్టరీ ఆఫ్ టైమ్’ ముందుమాటల్లో ఒక విషయం చెప్పారు. పుస్తకంలో చేర్చే ఒక్కో సమీకరణం అమ్మకాలను సగానికి తగ్గిస్తుందని ఎవరో హెచ్చరించారట. ఆయన ఐన్‌స్టీన్ ద్రవ్యరాశి-శక్తి సమీకరణం ఒక్కటే ఉంచారు. పాపులర్ సైన్స్‌లో చాలామంది ఆ దారినే పోతారు. సమీకరణం పక్కకు తప్పుకోగానే దాని బరువంతా ఉపమానం మీద పడుతుంది. సమీకరణం తన హద్దులను తానే చెప్పుకుంటుంది. ఉపమానానికి ఆ పని రచయిత చేయాలి. చేయకపోతే పాఠకుడి బుర్రలో మిగిలేది బొమ్మ ఒక్కటే.

గురుత్వాకర్షణకు వాడే రబ్బరు షీటు బొమ్మనే తీసుకోవచ్చు. సాగదీసిన రబ్బరు షీటు మీద బరువైన గుండు పెడితే గుంట పడుతుంది, గోళీ ఆ గుంట చుట్టూ తిరుగుతుంది. వంగిన స్థలంలో గ్రహాలు అలాగే తిరుగుతాయని వివరణ. ఇందులో రెండు లోపాలున్నాయి. మొదటిది అందరికీ తట్టేదే: షీటు మీద గోళీ కిందికి జారడానికి కారణం భూమి గురుత్వమే, కాబట్టి వివరించాల్సిన దాన్నే వివరణకు వాడుకున్నట్టయింది. రెండోది లోతైనది. షీటు స్థలం వంపును మాత్రమే చూపుతుంది. కానీ చేతిలోని వస్తువు నేల మీద పడటం వంటి రోజువారీ గురుత్వంలో దాదాపు పనంతా చేసేది కాలం. భూమికి దగ్గరగా కాలం కాస్త నెమ్మదిగా, ఎత్తుకు పోయేకొద్దీ కాస్త వేగంగా నడుస్తుంది. ఒక మీటరు ఎత్తుకు ఆ తేడా వంద కోట్ల కోట్లలో దాదాపు ఒక వంతు. అంత చిన్న తేడాను కూడా కొలిచారు: 2010లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ శాస్త్రవేత్తలు రెండు అణు గడియారాల్లో ఒకదాన్ని 33 సెంటీమీటర్లు పైకి లేపి, అది వేగంగా నడవడం నమోదు చేశారు.

జీపీఎస్ ఉపగ్రహాల్లో ఈ తేడా లెక్కలోకి తీసుకోకపోతే వ్యవస్థే పనిచేయదు. ఎత్తు వల్ల ఉపగ్రహ గడియారం నేల మీది గడియారం కంటే రోజుకు 45 మైక్రోసెకన్లు ముందుకు పోతుంది. వేగం వల్ల 7 మైక్రోసెకన్లు వెనకబడుతుంది. మిగిలేది 38 మైక్రోసెకన్ల ముందంజ. కాంతి సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి 38 మైక్రోసెకన్లంటే 11 కిలోమీటర్ల పైచిలుకు. సరిదిద్దకపోతే దూరాల లెక్కలో రోజుకు అంత తప్పు పేరుకుంటుంది. ఈ లెక్కకు గుణకారం మించిన గణితం అవసరం లేదు. రబ్బరు షీటు ఇవ్వలేని అవగాహనను ఈ నాలుగు అంకెలు ఇస్తాయి. సాధారణ పాఠకుడికి అంకెలు అక్కరలేదనుకోవడం ఈ రకం రచనలో ఉన్న అతిపెద్ద పొరపాటు.

విమానం రెక్క విషయంలో తప్పు ఇంకో రకం. రెక్క పైభాగం వంపుగా ఉండటం వల్ల అక్కడి గాలికి ఎక్కువ దూరం, కింది గాలితో ఒకేసారి వెనక అంచుకు చేరుకోవాలి కాబట్టి అది వేగంగా పోతుంది, వేగం పెరిగితే ఒత్తిడి తగ్గుతుంది, అలా రెక్క పైకి లేస్తుంది అని ఎన్నో పుస్తకాల్లో కనిపిస్తుంది. వేగానికీ ఒత్తిడికీ ఉన్న సంబంధం నిజమే. ‘ఒకేసారి చేరుకోవాలి’ అన్న మెట్టు మాత్రం కల్పన. విండ్ టన్నెల్‌లో పొగ వదిలి చూస్తే పై గాలి కింది గాలి కంటే ముందే వెనక అంచు దాటిపోతుంది. ఆ వివరణే నిజమైతే రెండువైపులా ఒకే వంపున్న రెక్క ఎగరకూడదు, విమానం తలకిందులుగా ఎగరకూడదు. రెండూ జరుగుతున్నాయి. రెక్క తనను తాకే గాలి ప్రవాహాన్ని కిందికి మళ్లిస్తుంది. గాలిని కిందికి నెట్టినందుకు ప్రతిచర్యగా రెక్క పైకి నెట్టబడుతుంది. పైన తక్కువ ఒత్తిడి, కింద ఎక్కువ ఒత్తిడి అన్నది అదే సంఘటనను ఒత్తిళ్ల భాషలో చెప్పడం. ఏ వివరణనైనా ‘ఇది నిజమైతే ఇంకేం జరగాలి?’ అని అడిగి చూస్తే ఇలాంటి కల్పిత మెట్లు బయటపడతాయి.

పరమాణు కేంద్రకం చుట్టూ గ్రహాల్లా తిరిగే ఎలక్ట్రాన్ల బొమ్మదీ అదే గతి. పాత భౌతికశాస్త్రం ప్రకారం అలా తిరిగే ఎలక్ట్రాన్ శక్తిని వెదజల్లుతూ సెకనులో పదివేల కోట్ల వంతు కాలంలోనే కేంద్రకంలో పడిపోవాలి. ఆ చిక్కే పరమాణువుకు క్వాంటం సిద్ధాంతాన్ని అన్వయించడానికి దారితీసింది. బొమ్మ వేసి, దాని వైఫల్యం చెప్పకుండా వదిలేసిన పుస్తకం అసలు కథను వదిలేసినట్టే.

చిన్న నమూనా చేసే మోసం

ప్రైమింగ్ అధ్యాయం ఎందుకు నిలవలేదో తెలియాలంటే దానికి పునాదిగా నిలిచిన ఒక ప్రయోగాన్ని చూడాలి. 1996లో జాన్ బార్గ్ బృందం విద్యార్థులకు వాక్యాలు కూర్చే పని ఇచ్చింది. కొందరికి ఇచ్చిన మాటల్లో ముసలితనాన్ని గుర్తుచేసేవి కలిపారు. పని ముగించి వెళ్తున్నప్పుడు 9.75 మీటర్ల వసారాను వాళ్లు ఎంతసేపట్లో దాటారో ఒక మనిషి చాటుగా స్టాప్‌వాచ్‌తో కొలిచాడు. మామూలు మాటలు చదివినవాళ్లకు సగటున 7.30 సెకన్లు, ముసలితనం మాటలు చదివినవాళ్లకు 8.28 సెకన్లు. పాల్గొన్నది 30 మంది. ఫలితం గట్టిదా కాదా చూడటానికి అదే ప్రయోగాన్ని మళ్లీ చేశారు, అందులోనూ 30 మందే.

2012లో స్టెఫాన్ డోయెన్ బృందం 120 మందితో, మనిషి చేతి గడియారానికి బదులు ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లతో మళ్లీ చేసింది. తేడా కనబడలేదు. రెండో ప్రయోగంలో, కొలిచేవాళ్లకు ‘వీళ్లు నెమ్మదిగా నడుస్తారు’ అని ముందే చెప్పి పంపారు. అప్పుడు మాత్రం ప్రభావం కనిపించింది. ప్రయోగకర్త అంచనా కూడా ఫలితంలోకి చొరబడగలదన్నమాట.

ఇలాంటి ఫలితాలు అచ్చులోకి ఎలా వస్తాయో లెక్క వేసి చూడవచ్చు. రెండు గుంపులు, ఒక్కో గుంపులో 20 మంది. గుంపుల సగటుల మధ్య నిజమైన తేడా ప్రామాణిక విచలనంలో (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలతలో) సగం అనుకుందాం, మనస్తత్వశాస్త్రంలో అది ఓ మోస్తరు ప్రభావం. ఈ నమూనాతో ఆ తేడాను ‘గణాంకపరంగా ముఖ్యమైనది’గా, అంటే కాకతాళీయం అనుకోలేనంత పెద్దదిగా పట్టుకునే అవకాశం దాదాపు 34 శాతమే. 80 శాతానికి చేరాలంటే ఒక్కో గుంపులో 64 మంది కావాలి. అంతటితో ఆగదు. 20 మంది చొప్పున ఉన్నప్పుడు ఫలితం ‘ముఖ్యమైనది’ అనిపించుకోవాలంటే కొలిచిన తేడా కనీసం 0.64 విచలనాలు ఉండాలి. అసలు తేడా 0.5. కాబట్టి ఈ గడప దాటి అచ్చయిన ప్రతి ఫలితమూ నిజం కంటే పెద్దదే అయి ఉంటుంది. గడప దాటనివి సొరుగులో ఉండిపోతాయి. పుస్తక రచయిత కంటబడేది అచ్చయినవి మాత్రమే, అందులోనూ ఎన్నుకునేది అన్నింటికంటే ఆశ్చర్యం కలిగించేది. వడపోత మీద వడపోత జరిగి, పెళుసైన ఫలితాలే పుస్తకాల్లో ఎక్కువగా చేరతాయి.

ఒకేసారి చాలా విషయాలు పరీక్షించడం మరో దారి. ఏ ప్రభావమూ లేని 20 ఊహలను వేరువేరుగా, నూటికి అయిదు తప్పు అవకాశం గల మామూలు ప్రమాణంతో పరీక్షిస్తే, వాటిలో ఒక్కటైనా ‘నిజం’గా తేలే అవకాశం 64 శాతం. ఆ ఒక్కదాన్నే రాసి, మిగతా 19 ఊసెత్తకపోతే పాఠకుడికి తెలిసే మార్గం లేదు.

2015లో ‘సైన్స్’ జర్నల్‌లో వచ్చిన పెద్ద సామూహిక ప్రయత్నం ఈ అనుమానాలకు కొలత ఇచ్చింది. మనస్తత్వశాస్త్రంలోని 100 అధ్యయనాలను తిరిగి చేశారు. మూల పత్రాల్లో 97 శాతం ‘ముఖ్యమైన’ ఫలితాలు చూపితే, తిరిగి చేసినప్పుడు అలా వచ్చినవి 36 శాతం. సంకల్పబలం వాడేకొద్దీ ఖర్చయిపోతుందన్న ఆలోచన చాలా స్వయంసహాయక పుస్తకాలకు ఊపిరి. 2016లో 23 ప్రయోగశాలలు కలిసి పరీక్షిస్తే ప్రభావం సున్నాకు దగ్గరగా వచ్చింది. మిఠాయి ముందు ఆగగలిగిన పిల్లలు జీవితంలో పైకి వస్తారన్న ప్రసిద్ధ పరీక్షను 2018లో దాదాపు 900 మంది పిల్లల సమాచారంతో చూస్తే, సంబంధం మూలంలో చెప్పినదానిలో సగమే ఉంది. ఇంటి ఆర్థిక స్థితి, తల్లి చదువు వంటివి లెక్కలోకి తీసుకోగానే మిగిలిన దానిలోనూ మూడింట రెండు వంతులు కరిగిపోయింది.

శాతం వెనకున్న అసలు సంఖ్య

ఆరోగ్య పుస్తకాల్లో ఎక్కువగా మోసపోయేది శాతాల దగ్గర. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో, రోజుకు 50 గ్రాముల ప్రాసెస్ చేసిన మాంసం తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని చెప్పింది. తినేవారిలో నూటికి 18 మందికి వస్తుందని దానర్థం కాదు. జీవితకాలంలో 100 మందిలో అయిదుగురికి ఆ జబ్బు వచ్చే జనాభాలో, 18 శాతం పెరిగితే అది దాదాపు ఆరుగురవుతుంది. పెరుగుదల నిజమే, పరిమాణం వేరు. మొదట ఎంత ఉండేదో చెప్పకుండా పెరుగుదల శాతం మాత్రమే చెప్పే పేజీని సగం సమాచారంగానే తీసుకోవాలి.

ఏ రంగం పుస్తకం ఎంతకాలం నిలుస్తుంది

గణితంలో ఒకసారి నిరూపణ కుదిరితే పుస్తకం వయసు పట్టింపు లేదు. సాంప్రదాయ భౌతికం, రసాయన శాస్త్రం, శరీర నిర్మాణం గురించి యాభై ఏళ్ల కిందటి మంచి వివరణ ఇప్పటికీ పనికొస్తుంది. విశ్వశాస్త్రం అలా కాదు. విశ్వం విస్తరణ వేగం పెరుగుతోందని తెలిసింది 1998లో. అంతకు ముందరి పుస్తకాల్లో విశ్వం వయసు 1000 నుంచి 2000 కోట్ల ఏళ్లని విశాలమైన అంచనా ఉంటుంది, ఇప్పటి అంచనా దాదాపు 1380 కోట్లు. గురుత్వ తరంగాలు పట్టుబడింది 2015 సెప్టెంబరులో, ప్రకటించింది 2016 ఫిబ్రవరిలో.

జన్యుశాస్త్రం మరీ త్వరగా పాతబడుతుంది. 1990ల పుస్తకాల్లో మనిషి జన్యువులు లక్ష దాకా ఉంటాయి. 2001లో అవి 30 నుంచి 40 వేలకు దిగాయి. ప్రొటీన్లు తయారుచేసే జన్యువుల లెక్క ఇప్పుడు 20 వేల దగ్గర నిలిచింది. అంతరించిపోయిన మానవ జాతులైన నియాండర్తల్‌ల జన్యుపటం, డెనిసోవన్ల ఉనికి రెండూ 2010లో బయటికొచ్చాయి కాబట్టి అంతకు ముందరి మానవ పరిణామ పుస్తకాల్లో మన పూర్వీకుల కలయిక గురించిన అధ్యాయాలు చెల్లవు. పోషకాహారం, సామాజిక మనస్తత్వశాస్త్రం, మెదడు స్కానింగ్ పుస్తకాలను పదేళ్లు దాటితే చాలా జాగ్రత్తగా చదవాలి.

రాసినదెవరు

పరిశోధకుడే రాస్తే ప్రయోగశాల లోపలి తర్కం దొరుకుతుంది, కానీ తన సిద్ధాంతం పట్ల మమకారం కూడా తోడొస్తుంది. ప్రత్యర్థుల వాదన ఆ పుస్తకంలో బలహీనంగా కనిపిస్తే అది వాళ్ల బలహీనతే అనుకోనక్కరలేదు. సైన్స్ విలేకరికి పక్షం తక్కువ, పదిమందిని అడుగుతారు. లెక్కల లోతుకు దిగడంలో మాత్రం వెనకాడవచ్చు. తన రంగం దాటి రాసే పెద్ద పేర్ల విషయంలోనే ఎక్కువ జాగ్రత్త కావాలి, ఎందుకంటే భౌతికంలో నోబెల్ వచ్చినంత మాత్రాన ఆహారం గురించి చెప్పే మాటకు బరువు రాదు. సప్లిమెంట్లో, కోర్సో అమ్మే రచయిత పుస్తకానికి అదనపు తనిఖీ అవసరం.

వృత్తి శాస్త్రవేత్త కాని మనిషి గొప్ప పుస్తకం రాయగలరనడానికి జేన్ మార్సెట్ నిదర్శనం. ఆమె 1806లో ప్రచురించిన రసాయన శాస్త్ర సంభాషణలను పుస్తకాల బైండింగ్ నేర్చుకుంటున్న కుర్రాడొకడు చదివాడు. అతడే మైఖేల్ ఫారడే. పుస్తకంలోని మాటలను తనకు వీలైన చిన్న చిన్న ప్రయోగాలతో పరీక్షించానని, అవి నిజమని తేలాకే ఆ శాస్త్రంలో తనకు గట్టి ఆధారం దొరికినట్టయిందని ఆయన తర్వాత ఒక లేఖలో రాశారు. పరీక్షించడానికి వీలుగా రాయడమే మార్సెట్ గొప్పతనం.

అరగంట తనిఖీ

ముందు కాపీరైట్ పేజీ చూడాలి. కావలసింది పునర్ముద్రణ తేదీ కాదు, తొలి ప్రచురణ లేదా సవరించిన కూర్పు తేదీ. అట్ట కొత్తదైనా లోపలి పాఠం ఇరవై ఏళ్ల నాటిది కావచ్చు.

తర్వాత చివరి నోట్స్. కొన్ని పుస్తకాల్లో వాక్యం పక్కన అంకె ఉండదు, నోట్స్ మాత్రం పేజీ సంఖ్య, వాక్యంలోని మొదటి మాటలతో వెనక ఉంటాయి. కాబట్టి అంకెలు కనబడలేదని ఆధారాలు లేవనుకోకూడదు. నోట్స్ దేన్ని చూపుతున్నాయన్నదే అసలు ప్రశ్న. మూల పరిశోధనా పత్రాలా, వార్తా కథనాలా, ఇంకొన్ని పాపులర్ పుస్తకాలా? చివరి రెండే ఎక్కువైతే ఆ పుస్తకం పాలకూర దారిలో ఉన్నట్టే. రాచెల్ కార్సన్ 1962 నాటి ‘సైలెంట్ స్ప్రింగ్’ పురుగుమందుల కంపెనీల దాడిని తట్టుకుని నిలవడానికి ఒక కారణం, పుస్తకం చివర పదుల పేజీల్లో ఇచ్చిన మూల ఆధారాలే.

ఇప్పుడు పుస్తకంలో అన్నింటికంటే ఆశ్చర్యపరిచిన మూడు మాటలు ఎన్నుకోవాలి. యాదృచ్ఛికంగా ఏరితే తేలిక విషయాలు పడతాయి, బరువు మోస్తున్నవాటినే పట్టుకోవాలి. వాటి పత్రాల సారాంశాలు గూగుల్ స్కాలర్‌లోనో, వైద్య విషయమైతే పబ్‌మెడ్‌లోనో ఉచితంగా దొరుకుతాయి. సారాంశంలో చూడవలసింది నాలుగు: ఎవరి మీద చేశారు, ఎంతమంది, ఏం కొలిచారు, దేనితో పోల్చారు. పుస్తకం ‘మనుషులు’ అన్నచోట పత్రంలో ‘ఎలుకలు’ ఉన్నా, ‘ఆయుష్షు పెరిగింది’ అన్నచోట ‘రక్తంలో ఒక సూచిక మారింది’ అని ఉన్నా అక్కడే తేలిపోయింది.

చివరి మెట్టును చాలామంది వదిలేస్తారు. గూగుల్ స్కాలర్‌లో ఆ పత్రం కింద, దాన్ని ఉదహరించిన తర్వాతి పత్రాల జాబితా లింకు ఉంటుంది. దాన్ని తెరిచి, ఆ జాబితా లోపలే ‘రెప్లికేషన్’ (ప్రయోగాన్ని తిరిగి చేయడం), ‘మెటా ఎనాలిసిస్’ (చాలా అధ్యయనాల ఫలితాలను కలిపి లెక్కించడం) అన్న మాటలతో వెతకాలి. తిరిగి చేసిన ప్రయత్నాలు ఏమయ్యాయో అక్కడ తెలుస్తుంది. పత్రాన్ని జర్నల్ ఉపసంహరించుకుందేమో రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌లో చూడవచ్చు. మూడింటిలో రెండు నిలబడితే పుస్తకం చదవదగినది. ఒక్కటీ నిలబడకపోతే మిగతా పేజీల మీద పెట్టే సమయం దండగ.

అర్థమైందన్న భావన

సరళంగా రాసిన పాఠానికి ఒక దుష్ఫలితం ఉంది. తేలిక భాషలో రాసిన సైన్స్ వ్యాసాలు చదివిన సామాన్యులు, కఠినంగా రాసినవి చదివినవారి కంటే తమ తీర్పు మీద ఎక్కువ నమ్మకం పెంచుకుంటారని, నిపుణుల అవసరం తక్కువని భావిస్తారని జర్మనీలో లీసా షారర్ బృందం చేసిన ప్రయోగాలు 2017లో చూపాయి. వాక్యం సాఫీగా సాగిపోవడాన్ని మనసు అవగాహనగా లెక్కగడుతుంది.

2002లో లియోనిడ్ రోజెన్‌బ్లిట్, ఫ్రాంక్ కీల్ చేసిన ప్రయోగంలో విరుగుడు కూడా ఉంది. జిప్పర్, కుట్టుమిషన్ వంటివి ఎలా పనిచేస్తాయో ఎంత బాగా తెలుసో మార్కులు వేసుకోమన్నారు. తర్వాత మెట్టు మెట్టుగా వివరణ రాయించి మళ్లీ మార్కులు వేసుకోమంటే, తమకు తామే తగ్గించుకున్నారు. అధ్యాయం ముగిశాక పుస్తకం మూసి, అందులోని యంత్రాంగాన్ని అయిదారు వాక్యాల్లో, ‘దానివల్ల’, ‘కాబట్టి’ అన్న మాటలతో కలుపుతూ రాయడానికి ప్రయత్నిస్తే ఎక్కడ తెగుతుందో తెలుస్తుంది. తెగిన చోటికి తిరిగి వెళ్లినప్పుడు, అక్కడ లోపం చదివిన తీరులోదా, రచయిత వదిలేసిన మెట్టుదా అన్నది కూడా బయటపడుతుంది.

తప్పు తేలాక పుస్తకం ఏమవుతుంది

పరిశోధనా పత్రంలో తప్పు తేలితే సవరణో, ఉపసంహరణో ఆ పత్రం పేజీకే అంటిపెట్టుకుని ఉంటుంది. అచ్చు పుస్తకానికి అలాంటి ఏర్పాటు లేదు. కానెమన్ అంగీకారం కూడా పుస్తకంలో కాదు, ఒక బ్లాగు కింద వ్యాఖ్యగా వచ్చింది. లైబ్రరీలో ప్రైమింగ్ అధ్యాయం చదివేవారికి ఆ సంగతి తెలియదు. ఈ-పుస్తకాన్ని సవరించడం సులువే. అయితే ఏం మారిందో చెప్పకుండా మార్చేస్తే పాఠకుడికి అది మరో చిక్కు.

చేయగలిగిన పద్ధతులు లేకపోలేదు. రిచర్డ్ డాకిన్స్ 1976 నాటి ‘ది సెల్ఫిష్ జీన్’ రెండో కూర్పు 1989లో వచ్చినప్పుడు పాత పాఠాన్ని దాదాపు అలాగే ఉంచి, ఎక్కడ పొరబడ్డారో, ఎక్కడ కొత్త విషయాలు తెలిశాయో చివర విస్తారమైన నోట్స్‌లో చేర్చారు. అలా చేస్తే ఆలోచన ఎలా మారిందో కూడా పాఠకుడు చూడగలుగుతాడు. కొందరు రచయితలు తమ వెబ్‌సైట్లలో తప్పొప్పుల పట్టిక నిర్వహిస్తారు. పుస్తకం మొదలుపెట్టే ముందు రచయిత పేరు, పుస్తకం పేరుతో పాటు ‘ఎర్రాటా’ అన్న మాట కలిపి వెతికితే అలాంటి పట్టిక ఉందో లేదో తెలుస్తుంది. ఉంటే, ఆ సవరణలను సంబంధిత పేజీల అంచున పెన్సిల్‌తో, సవరణ జరిగిన సంవత్సరంతో సహా రాసి పెట్టుకుంటే ఆ ప్రతిని తర్వాత చదివేవారికీ పనికొస్తుంది.